పట్టు తెలిసిన జిగురు

పెళ్లికో గృహప్రవేశానికో చదివించడానికి స్టీలు సామాను తెచ్చిన ఇంట్లో, రంగు కాగితం చుట్టే ముందు ఒక పని తప్పదు. ధర స్టిక్కర్ తీయాలి. గోటితో మొదలైన పని వేడినీళ్ల మీదుగా కొబ్బరినూనె దాకా వెళ్తుంది. కాగితం పీలికలు పీలికలుగా వస్తుంది. గమ్ మాత్రం గిన్నెకే అంటుకుని, దుమ్ము పట్టి, నల్లటి మరకగా మిగులుతుంది. అదే ఇంటి గుమ్మంలో కొరియర్ తెచ్చిన అట్టపెట్టెని చూస్తే చిరునామా లేబుల్ ఒక మూల లేచిపోయి, బార్‌కోడ్ సగం మడతపడి ఉంటుంది. ఊడాల్సింది ఊడదు, ఉండాల్సింది ఉండదు. రెండూ చిన్న విషయాలే. కానీ రెండుచోట్లా ఎవరో ఒకరు ముందుగా చేయాల్సిన ఆలోచన చేయలేదు.

ఆ ఆలోచనంతా చేసి పెట్టిన వస్తువు ఒకటుంది. పార్శిల్ లేబుల్‌నీ ధర స్టిక్కర్లనీ ఒకే కాగితం మీద కలిపిన లేబుల్ అది. ఫ్యాక్టరీలో పెట్టె మూసి దీన్ని అంటిస్తారు. పైభాగంలో సరుకు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాలి, పెట్టెలో ఏముంది, ఎన్ని ఉన్నాయి అన్న వివరాలూ, రవాణా బార్‌కోడూ ఉంటాయి. కింది భాగంలో గళ్లు గళ్లుగా ధర స్టిక్కర్లుంటాయి. పెట్టెలో ఆరు లంచ్ బాక్సులుంటే ఆరు స్టిక్కర్లు. గోడౌన్లూ లారీలూ హమాలీల భుజాలూ దాటి పెట్టె దుకాణం చేరాక, అక్కడి కుర్రాడు దాన్ని విప్పి ఒక్కో స్టిక్కర్ తీసి ఒక్కో బాక్సుకి అంటిస్తాడు. లేబుల్ పైభాగం పెట్టెతోపాటే పాత కాగితాల కొట్టుకి పోతుంది. ధర స్టిక్కర్ కొన్నవాళ్ల ఇంట్లో మరక లేకుండా ఊడొస్తుంది.

ఇందులోని తెలివి లెక్కతోనే మొదలవుతుంది. దుకాణంలో మళ్లీ స్టిక్కర్లు ముద్రించే పని ఉండదు. ఒక సరుకు ధర ఇంకో సరుకు మీదికి ఎక్కే తికమక తగ్గుతుంది. బాక్సులన్నిటికీ అంటించాక ఒక స్టిక్కర్ మిగిలిందంటే పెట్టెలో ఒక బాక్సు తక్కువ వచ్చిందన్నమాట. ఎవరూ కూర్చుని లెక్కపెట్టకుండానే లెక్క తేలిపోతుంది.

గట్టిగా అంటించడం పెద్ద విద్య కాదు. ఎక్కడ ఎంత పట్టు కావాలో, ఏది ముందు విడిపోవాలో, ఏది అసలు విడిపోకూడదో ముందే తేల్చుకుని, ఆ నిర్ణయాన్ని కాగితంలోనూ జిగురులోనూ కట్టి పంపడం అసలు విద్య. ఈ లేబుల్ మీద నాకున్న గౌరవమంతా అందుకే.

రెండు పనులు, రెండు పుట్టుకలు

ఇందులో కలిసిన రెండు పనులకీ వేర్వేరు పుట్టుపూర్వోత్తరాలున్నాయి. రెండూ అమెరికాలో పుట్టినవే.

డెన్నిసన్ కుటుంబం 1844లో మెయిన్ రాష్ట్రంలో నగల వర్తకులకి అట్టపెట్టెలు చేసివ్వడంతో వ్యాపారం మొదలుపెట్టింది. ఆ కుటుంబంలోని ఎలిఫలెట్ డెన్నిసన్ 1863లో రవాణా ట్యాగ్‌కి పేటెంటు తీసుకున్నాడు. ట్యాగ్ అంటే మూటకి దారంతో కట్టే చిరునామా ముక్క. దారం బిగిసి లాగినప్పుడు చిల్లు దగ్గర కాగితం చిరిగితే ట్యాగ్ దారిలోనే రాలిపోతుంది. ట్యాగ్ లేని మూట ఎవరిదో చెప్పేవాళ్లుండరు. డెన్నిసన్ చేసిందల్లా చిల్లు చుట్టూ రెండువైపులా గుండ్రటి కాగితపు బిళ్లలు అంటించడం. ట్యాగ్ మొత్తాన్నీ మందంగా చేయలేదు. ఎక్కడ చిరుగుతుందో చూసి, అక్కడొక్కచోటే బలం పెట్టాడు.

ధర స్టిక్కర్ కథ 1935లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. స్టాంటన్ ఏవరీ అనే యువకుడు తనకి కాబోయే భార్య డొరొతీ డర్‌ఫీ ఇచ్చిన చిన్న అప్పుతో వ్యాపారానికి దిగాడు. వాషింగ్ మెషిన్ మోటారునీ కుట్టుమిషన్ భాగాలనీ రంపం మిషన్ భాగాలనీ కలిపి లేబుళ్లు కోసే యంత్రం తయారుచేశాడు. సంస్థ పేరు కమ్ క్లీన్ ప్రోడక్ట్స్. వెనక కాగితం నుంచి తీసి అంటించే స్టిక్కర్ వ్యాపారంగా నిలదొక్కుకున్నది అక్కడే. ఆయన ముందుగా అమ్మింది కానుకల దుకాణాలకి పనికొచ్చే ధర స్టిక్కర్లు. గాజు సామాను మీదా పింగాణీ మీదా అంటించినా గుర్తు మిగలకుండా ఊడిరావడమే వాటి గొప్ప. ఈరోజు లోకమంతా వాడుతున్న స్టిక్కర్ పరిశ్రమ అంటుకునే గుణంతో పాటు ఊడిరావడాన్ని కూడా అమ్ముకుంటూ మొదలైందన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

1990లో ఆ రెండు సంస్థలూ కలిసి ఏవరీ డెన్నిసన్ అయ్యాయి. రాలిపోకూడని ట్యాగ్ చేసిన ఇల్లూ, ఊడిరావాల్సిన స్టిక్కర్ చేసిన ఇల్లూ ఒకటవడానికి కారణాలు వ్యాపారానివే కావచ్చు. మన లేబుల్ మీద మాత్రం ఆ రెండు ఆలోచనలూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.

ఐదు పొరలు

లేబుల్‌ని పక్కనుంచి చూస్తే ఒక్క కాగితంలాగే ఉంటుంది. నిజానికి ఇందులో ఐదు పొరలున్నాయి. అన్నిటికంటే పైన ముద్రణ పడే కాగితం. మన ప్రెస్సుల్లో దీన్ని క్రోమో అంటారు. దాని కింద తీసేయగల జిగురు. ఆ కింద సిలికాన్ పూసిన నడిమి కాగితం. దాని అడుగున గట్టి జిగురు. అన్నిటికంటే కింద, అంటించేటప్పుడు ఒలిచి పారేసే రిలీజ్ పేపర్. ఒక స్టిక్కర్ వీపు మీద ఇంకో స్టిక్కర్ ఎక్కినట్టుండే ఈ కట్టుబడికి లేబుల్ పరిశ్రమలో వాడే పేరు పిగ్గీబ్యాక్.

పెట్టెకి అంటించినప్పుడు గట్టి జిగురు నడిమి కాగితాన్ని అట్టకి బిగిస్తుంది. ధర స్టిక్కర్లు ఆ నడిమి కాగితం మీద కూర్చుని ప్రయాణిస్తాయి. అవి అట్టపెట్టెని తాకనే తాకవు. ఇది చాలా ముఖ్యం. స్టిక్కర్ జిగురు నేరుగా అట్టకి అంటుకుంటే, తీసేటప్పుడు అట్ట నూగు వెంట వస్తుంది. నూగు పట్టిన జిగురు మళ్లీ స్టీలు మీద నిలవదు. నడిమి కాగితం వల్ల ప్రతి స్టిక్కరూ దుకాణం చేరేదాకా కొత్తగానే ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. నడిమి కాగితమంతా సిలికాన్ పూస్తే, దాని మీదున్న చిరునామా భాగం కూడా స్టిక్కర్లలాగే సులువుగా ఊడిపోతుంది. దారిలో ఎవరి గోరు తగిలినా చిరునామా పోతుంది. దీనికొక చక్కటి విరుగుడు, సిలికాన్‌ని కాగితమంతా కాకుండా స్టిక్కర్లు కూర్చునే మేరకే పూయడం. చిరునామా ఉన్న చోట సిలికాన్ ఉండదు. అక్కడ పై కాగితం నడిమి కాగితంతో కరుచుకుపోతుంది. లాగితే చిరుగుతుంది తప్ప ఊడిరాదు. పూయని చోటే పట్టు, పూసిన చోటే విడుపు. పైనుంచి చూసేవాళ్లకి ఈ గీత కనపడదు. అయినా లేబుల్ బతుకంతా ఆ గీత మీదే ఆధారపడి ఉంది.

నాలుగు మెట్ల పట్టు

ఐదు పొరలుంటే విడిపోవడానికి చాలా చోట్లుంటాయి. అందుకే డిజైనర్ బొమ్మకంటే ముందు రాసుకోవాల్సింది ఒక వరస. ఏది అన్నిటికంటే తేలిగ్గా విడిపోవాలి, దాని తర్వాత ఏది, చివరికి ఏది?

మొదటి మెట్టు అడుగు రిలీజ్ పేపర్. అంటించే మనిషి ఒక్క లాగుతో ఒలిచేయగలగాలి. అప్పుడు పైనున్న ధర స్టిక్కర్లు కదలకూడదు. కాబట్టి రెండో మెట్టు, అంటే నడిమి కాగితం మీద స్టిక్కర్ల పట్టు, మొదటిదానికంటే కాస్త ఎక్కువుండాలి. రెండుచోట్లా ఒకే సిలికాన్ ఒకేలా పూస్తే, అడుగు కాగితం లాగినప్పుడు లేబుల్ వంగి పై స్టిక్కర్ల అంచులు లేస్తాయి. మూడో మెట్టు, స్టీలు బాక్సు మీద స్టిక్కర్ పట్టు. షెల్ఫులో పదిమంది చేతులు పడినా నిలవాలి, ఇంట్లో ఒక మూల పట్టి లాగితే రావాలి. నాలుగో మెట్టు అట్టపెట్టె మీద గట్టి జిగురు పట్టు. అక్కడ విడిపోవడమంటూ ఉండకూడదు, చిరిగితే అట్టే చిరగాలి.

ఈ వరసలో ఏ రెండు మెట్లు తారుమారైనా లేబుల్ పనికిరాదు. మూడోది నాలుగోదానికి దగ్గరపడితే స్టీలు గిన్నె మీద మరక. రెండోది మొదటిదానికంటే తగ్గితే ఫ్యాక్టరీలోనే స్టిక్కర్లు రాలిపోతాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య తగినంత ఎడం ఉంచాలి, ఎందుకంటే ఎండా తేమా కాలమూ కలిసి ఒక్కో మెట్టు ఎత్తుని మారుస్తుంటాయి.

హాఫ్ కట్

ఈ పొరల్ని గళ్లుగా కోసే పని చూడటానికి సులువు, చేయడానికి కష్టం. డై బ్లేడు పై కాగితాన్నీ జిగురునీ తెంపి, కింది రిలీజ్ పేపర్ మీద ఆగిపోవాలి. మన ప్రెస్సుల్లో దీన్ని హాఫ్ కట్ అంటారు. ఆ కాగితం మందం అరవై మైక్రాన్లకి అటూఇటూ ఉంటుంది, అంటే దాదాపు ఒక వెంట్రుక మందం. గంటలకొద్దీ తిరిగే రోలర్ మీద బ్లేడు ప్రతిసారీ ఆ వెంట్రుక పైఅంచునే ఆగాలి.

మన లేబుల్‌కి రెండు లోతుల కోత కావాలి. ధర స్టిక్కర్ల గళ్ల దగ్గర బ్లేడు నడిమి కాగితం మీద ఆగాలి. లేబుల్ వెలుపలి అంచు దగ్గర నడిమి కాగితాన్ని కూడా తెంపి, అన్నిటికంటే కిందున్న కాగితం మీద ఆగాలి. ఒక లోతు తప్పితే స్టిక్కర్లు విడిపోవు, ఇంకొకటి తప్పితే లేబుల్ మొత్తం రోల్ నుంచి రాదు.

కోత సరిగా పడిందో లేదో చూడటానికి పనివాళ్లు వాడే పరీక్ష ఒకటుంది. స్టిక్కర్ తీసేసిన చోట, రిలీజ్ పేపర్ మీద మార్కర్ సిరా రుద్దుతారు. సిలికాన్ పొర తెగని చోట సిరా నిలవదు, తుడిస్తే పోతుంది. బ్లేడు లోతుగా దిగిన చోట మాత్రం సిరా కాగితంలోకి ఇంకి సన్నని గీతగా తేలుతుంది. ఆ గీత కనిపిస్తే జాగ్రత్తపడాలి. తెగిన సందులోకి జిగురు దిగి స్టిక్కర్‌ని రిలీజ్ పేపర్‌కే పట్టేస్తుంది, లాగితే రెండూ కలిసి చిరుగుతాయి. కంటికి ఆనని లోపాన్ని కాస్తంత సిరాతో పట్టుకునే ఈ పద్ధతి నాకెంతో ఇష్టం.

మూలలు గుండ్రంగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. కోత అయ్యాక స్టిక్కర్ల మధ్య మిగిలిన వలలాంటి వ్యర్థాన్ని యంత్రం వేగంగా లాగేస్తుంది. మూల వాడిగా ఉంటే లాగుడు బలమంతా ఆ ఒక్క బిందువు మీద పడి వల తెగిపోతుంది. మూలని కొద్దిగా గుండ్రం చేస్తే బలం పంచుకుంటుంది. పెట్టె మీద కూడా వాడి మూలే ముందు లేస్తుంది. ఒక్క చిన్న వంపు యంత్రానికీ లారీకీ రెండుచోట్లా పనికొస్తుంది.

ధర స్టిక్కర్ల దగ్గర ఇంకో మర్యాద ఉంది. మంచి డిజైనర్ ప్రతి స్టిక్కర్‌కీ ఒక మూల జిగురు పనిచేయకుండా చేస్తాడు. ఆ కాస్త చోట జిగురు మీద వార్నిష్ పడుతుంది. గోరు తగిలించడానికి అదొక చిన్న పిడి. స్టిక్కర్ తీసేది గోళ్లు కత్తిరించుకున్న కుర్రాడు కావచ్చు, కళ్లు ఆనని పెద్దావిడ కావచ్చు. ఎక్కడో ప్రెస్సులో కూర్చున్నవాళ్లు ఆ వేళ్లని తలుచుకున్నారని ఆ మూల చెబుతుంది.

జిగురు లోపల

అంటుకోవాలంటే జిగురు కాస్త పారాలి. ఉపరితలం మీది కంటికి కనపడని గుంటల్లోకి దిగి తడిపితేనే పట్టు. లాగినప్పుడు నిలవాలంటే గట్టిగా ఉండాలి. పారే గుణమూ నిలిచే గుణమూ ఒకే పదార్థంలో ఉండాలి. లేత పాకం జారిపోతుంది, ముదురు పాకం పెళుసై విరుగుతుంది, ఉండపాకం మాత్రమే అరిసెకి పనికొస్తుంది. స్టిక్కర్ జిగురుకి కావాల్సిందీ అలాంటి మధ్య స్థితే. త్రీఎం సంస్థలో పనిచేసిన కార్ల్ డాల్‌క్విస్ట్ దీనికొక కొలత చెప్పాడు. జిగురు గట్టితనం దాదాపు 3 లక్షల పాస్కల్‌లకి మించితే, వేలితో నొక్కినంత మాత్రాన అంటుకోదు. ఆ హద్దు ఈనాటికీ ఈ రంగంలో ఆయన పేరుతోనే నడుస్తోంది.

తీసేయగల జిగురు చేసేవాళ్లకి ఒక దారి, పారే గుణాన్ని తగ్గించడం. అణువుల గొలుసుల మధ్య అడ్డుముడులు పెంచితే జిగురు తన ఒళ్లు తాను గట్టిగా పట్టుకుంటుంది, గిన్నె గుంటల్లోకి మరీ లోతుగా దిగదు. ఇంకో దారి, తాకే చోటునే తగ్గించడం. 1968లో త్రీఎంలోనే స్పెన్సర్ సిల్వర్ చేసిన జిగురు అతి చిన్న గోళాల రూపంలో ఉండేది. పొరంతా అంటుకోకుండా గోళం గోళంగా తాకుతుంది కాబట్టి తేలిగ్గా ఊడి, మళ్లీ అంటుకునేది. దాని నుంచే 1980లో పోస్ట్ ఇట్ కాగితాలు బజారుకి వచ్చాయి.

స్టీలు గిన్నె మీద మరక ఎందుకు మిగులుతుందో ఇప్పుడు చెప్పుకోవచ్చు. స్టిక్కర్ లాగినప్పుడు విడిపోవడానికి నాలుగు చోట్లున్నాయి. గిన్నెకీ జిగురుకీ మధ్య, జిగురు లోలోపల, జిగురుకీ కాగితానికీ మధ్య, కాగితం లోలోపల. మొదటి చోట విడిపోతేనే గిన్నె శుభ్రం. మిగతా మూడింటిలో ఎక్కడ విడిపోయినా జిగురులో కొంతో మొత్తమో గిన్నె మీదే ఉండిపోతుంది. అందుకే మంచి తీసేయగల స్టిక్కర్‌లో కాగితం వెనక ముందుగా ప్రైమర్ అనే పలచటి పూత వేస్తారు, జిగురు గిన్నెని పట్టుకున్నదానికంటే కాగితాన్ని గట్టిగా పట్టుకోవాలని. చవక స్టిక్కర్‌లో ముందుగా ఎగిరిపోయేది ఈ పూతే. మిగిలిన పావలా అర్ధ రూపాయి, కొన్నవాళ్లకి కొబ్బరినూనె ఖర్చూ ఒక మధ్యాహ్నమూ అవుతుంది.

ఉపరితలమూ లెక్కలోకి వస్తుంది. స్టీలూ గాజూ జిగురుని బాగా తడవనిస్తాయి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ అంతగా తడవనివ్వవు. అందుకే స్టీలు డబ్బా మీద అతుక్కుపోయిన స్టిక్కర్, దాని ప్లాస్టిక్ మూత మీద అంచులు లేపుతుంది. డబ్బాకా మూతకా అని అడగకుండా జిగురు ఎంచుకునేవాళ్లు సగం పనే చేసినట్టు.

కాలం ఇంకో లెక్క. అంటించిన పూటకంటే మర్నాడు పట్టు ఎక్కువుంటుంది, జిగురు నెమ్మదిగా పారుతూనే ఉంటుంది కాబట్టి. లేబుల్ పరిశ్రమ సమాఖ్య ఫినాట్ పరీక్ష పద్ధతి ఈ సంగతిని లోపలికి తీసుకుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని అంటించి, 20 నిమిషాల తర్వాత ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి, 180 డిగ్రీల కోణంలో నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో లాగి బలం కొలుస్తారు. కోణం మారినా వేగం మారినా అంకె మారిపోతుంది, అందుకే అన్నీ బిగించి పెట్టారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలబడ్డ లారీ లోపలి వేడి ఈ పరీక్షలో లేదు. ఆ వేడికి జిగురు ఇంకా పారుతుంది, అంచుల బయటికి ఊరి దుమ్ము పట్టి నల్లటి చట్రం కడుతుంది. మన దగ్గర అమ్మే సరుకుకి జిగురు ఎంచేవాళ్లు వేడిలో ఉంచి కూడా చూడాల్సిందే.

గీతల లెక్క

ముద్రణలో పైభాగమూ కింది భాగమూ రెండు వేర్వేరు కళ్ల కోసం. పైనున్న బార్‌కోడ్‌ని గోడౌన్‌లో దూరం నుంచి చదువుతారు. కిందివి బిల్లింగ్ కౌంటర్ దగ్గర చదువుతారు. రెండింటినీ నాలుగంగుళాల వెడల్పులో, అంటే సుమారు 102 మిల్లీమీటర్లలో ఇమడ్చాలి.

మామూలు లేబుల్ ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది. ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు. గీత మందం ఎన్ని చుక్కలన్నది పూర్ణసంఖ్యే అవ్వాలి, అరచుక్క వేసే ప్రింటర్ లేదు. పైనున్న రవాణా బార్‌కోడ్‌లో పెట్టె గుర్తింపు సంఖ్య 18 అంకెలు, దాని ముందు రెండు సున్నాలు. బార్‌కోడ్‌లకి ప్రమాణాలు పెట్టే జీఎస్1 సంస్థ లెక్క ప్రకారం దాని సన్న గీత కనీసం 0.495 మిల్లీమీటర్లుండాలి. నాలుగు చుక్కలేస్తే సరిగ్గా 0.5. బార్‌కోడ్ మొత్తం 156 సన్న గీతల వెడల్పు, రెండుపక్కలా పదేసి గీతలంత ఖాళీ. కలిపి 88 మిల్లీమీటర్లు. 102లో హాయిగా ఒదిగిపోతుంది.

ధర స్టిక్కర్ దగ్గర లెక్క బిగుస్తుంది. దుకాణాల్లో వాడే 13 అంకెల బార్‌కోడ్‌కి సన్న గీత ప్రమాణ కొలత 0.33 మిల్లీమీటర్లు. దాన్ని 80 శాతానికి, అంటే 0.264కి తగ్గించవచ్చు, మామూలుగా అంతకంటే తగ్గించకపోవడమే మేలు. రెండు చుక్కలేస్తే 0.25, ఆ కొలతకి తక్కువే. మూడు వేస్తే 0.375. పక్క ఖాళీలతో కలిపి 113 గీతల వెడల్పు కాబట్టి ఒక్కో బార్‌కోడ్ 42 మిల్లీమీటర్ల పైచిలుకు. వరసకి మూడు పెడదామనుకున్న డిజైనర్ రెండుకే ఒప్పుకోవాలి. 300 చుక్కల ప్రింటర్ తెచ్చినా నాలుగు చుక్కలతో 38 మిల్లీమీటర్లవుతుంది, మూడు పట్టవు. ఆరు స్టిక్కర్లంటే రెండు నిలువు వరసలు, మూడు అడ్డ వరసలు. లేబుల్ పొడవు ఎనిమిదంగుళాల దాకా వెళ్తుంది. చూసేవాళ్లకి అందం కోసం పెట్టినట్టుండే ఆ రెండు వరసల అమరికని నిజానికి ఒక చుక్క మందం నిర్ణయించింది.

గోడౌన్ యంత్రం పొరపాటున ధర స్టిక్కర్ బార్‌కోడ్ చదివితే పెట్టె దారి తప్పుతుంది. అందుకు విరుగుడు, రెండు భాగాలకీ రెండు రకాల కోడ్ వాడటమే. రవాణా కోడ్ వేరు జాతిది కాబట్టి, గోడౌన్ స్కానర్‌ని ఆ ఒక్క జాతినే చదివేలా కుదిర్చుకోవచ్చు. బిల్లింగ్ కౌంటర్లు క్యూఆర్ వంటి గళ్ల కోడ్‌లని చదివే రోజు కూడా దగ్గరపడుతోంది. జీఎస్1 సంస్థ అందుకు 2027ని గురిగా పెట్టుకుంది. అప్పుడు ధర స్టిక్కర్ సగానికి తగ్గి, ఈ లెక్కంతా కొత్తగా వేసుకోవాల్సి వస్తుంది.

ముద్రణ పద్ధతి ఎంచడంలోనూ ఇలాంటి నిర్ణయమే ఉంది. వేడికి నల్లబడే థర్మల్ కాగితం పార్శిల్‌కి చాలు, దాని పని నాలుగు రోజులే. ధర స్టిక్కర్ నెలల తరబడి దుకాణం దీపాల కింద ఉండాలి, నూనె చేతుల్ని తట్టుకోవాలి. థర్మల్ అక్షరాలు ఆలోగా వెలిసిపోతాయి. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఎక్కువకాలం బతకాల్సినదాని మాటే నెగ్గాలి, సిరా పూసిన రిబ్బన్‌తోనే ముద్రించాలి.

ధర మీద చట్టం చూపు

మనదేశంలో ధర స్టిక్కర్ అంటించే చేతికి కొన్ని హద్దులున్నాయి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం, ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలని విడి స్టిక్కర్‌తో మార్చకూడదు. ఎంఆర్‌పి తగ్గించడానికి మాత్రం స్టిక్కర్ వేయవచ్చు, అదీ పాత ఎంఆర్‌పిని కప్పకుండా. కాబట్టి మన ధర స్టిక్కర్ ఎంఆర్‌పికి బదులు కాదు. దుకాణం అమ్మే ధరనో తగ్గింపు ధరనో చెప్పే అదనపు మాట. డిజైనర్‌కి ఇది కొలతగా మారుతుంది. డబ్బా మీద ఎంఆర్‌పి ఎక్కడుందో చూసి, దాని పక్కన పట్టేంత సైజులో స్టిక్కర్ కోయాలి. హోల్‌సేల్ పెట్టె మీద తయారీదారు చిరునామా, సరుకు పేరు, లోపలున్న ప్యాకెట్ల సంఖ్య ఉండాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. లేబుల్ పైభాగం ఆ బాధ్యత కూడా మోస్తుంది.

తేలిగ్గా ఊడే స్టిక్కర్‌ని ఎవరైనా ఖరీదైన డబ్బా మీదికి మార్చరా అన్న ప్రశ్న సహజం. ధర గన్‌తో వేసే చిన్న స్టిక్కర్లలో దీనికి కోతలు పెట్టి ఉంటాయి, తీయబోతే ముక్కలవుతాయి. మన స్టిక్కర్‌కి ఆ కోతలు పెడితే ఇంట్లో కూడా ముక్కలుగానే వస్తుంది. ఇక్కడ కాపలా పని జిగురుకి కాకుండా బార్‌కోడ్‌కి అప్పగించారు. స్కాన్ చేయగానే సరుకు పేరు తెరమీద పడుతుంది, చేతిలో ఉన్నదీ తెరమీద ఉన్నదీ వేరైతే క్యాషియర్‌కి తెలిసిపోతుంది. కొన్నవాళ్ల సౌకర్యాన్ని బలిపెట్టకుండా దొంగతనానికి అడ్డు వేసిన తీరు మెచ్చుకోదగ్గది.

ఇంకా తేలాల్సింది, ఇప్పుడే అడగాల్సింది

ఈ లేబుల్‌లో మెచ్చుకోలేని భాగం కూడా ఉంది. ఒక్కో లేబుల్‌కి రెండు సిలికాన్ కాగితాలు ఖర్చవుతాయి. అడుగుది ఫ్యాక్టరీ నేల మీదే చెత్తవుతుంది, నడిమిది అట్టతోపాటు పాత కాగితంలో కలుస్తుంది. సిలికాన్ పూసిన కాగితాన్ని మామూలు కాగితంలా తిరిగి గుజ్జు చేయడం కష్టం. జిగురు ముద్దలు పేపరు మిల్లుల్లో యంత్రాలకి అంటుకుని ఇబ్బంది పెడతాయి. రిలీజ్ పేపర్ అవసరంలేని లేబుళ్లు వచ్చాయి గానీ, రెండు రకాల పట్టుని ఒకే కాగితంలో పెట్టే పనికి అవి ఇంకా పూర్తి జవాబు కాదు. తర్వాతి తరం లేబుల్ పనివాళ్లు విప్పాల్సిన ముడి ఇదే.

అప్పటిదాకా, స్టీలు డబ్బాలో ఊరగాయ సీసాలో చేసి అమ్మే చిన్న తయారీదారులు లేబుల్ ఆర్డరిచ్చేటప్పుడు అడగాల్సినవి కొన్నున్నాయి. రంగు ఎంత, రేటు ఎంత అని అడగడం అలవాటే. దాంతోపాటు, ఈ జిగురు ఏ ఉపరితలానికి అని అడగాలి. కాగితం వెనక ప్రైమర్ ఉందా అని అడగాలి. నమూనా తెచ్చుకుని తమ సరుకుకే అంటించి, ఒక రోజు మామూలుగా, ఇంకో రోజు ఎండలో ఉంచి, మూల పట్టి మెల్లగా లాగి చూడాలి. చేతికి స్టిక్కర్ మొత్తం రావాలి, సరుకు మీద వేలు పెడితే జిడ్డు తగలకూడదు. పెట్టె మీది భాగాన్ని అలాగే లాగితే అట్ట చిరగాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన నమూనా వెనక, పొరలూ కోతలూ చుక్కలూ అన్నీ లెక్కపెట్టుకున్న మనిషి ఒకరున్నారని నమ్మవచ్చు. లేబుల్‌కి కొన్ని పైసలు ఎక్కువైనా ఆర్డర్ అక్కడే ఇవ్వాలి. తమ ఇంటికి ఎప్పటికీ రాని కొనుగోలుదారుడి గోటిని కూడా లెక్కలోకి తీసుకున్న పనితనానికి ఆ పైసలు న్యాయమైన కూలి.